సలాహుద్దీన్ వీధిలో పుస్తకాల వేట

తూర్పు జెరూసలేంలోని సలాహుద్దీన్ వీధిలో మునా కుటుంబం 1984 నుంచి ఎడ్యుకేషనల్ బుక్‌షాప్ నడుపుతోంది. గాజా యుద్ధంతో పర్యాటకుల రాక తగ్గి బేరాలు పడిపోయినా దుకాణం మూసుకోలేదు. ఆ తలుపుల మీదికి 2025 ఫిబ్రవరి 9న ఇజ్రాయెల్ పోలీసులు వచ్చారు. అరలు చిందరవందర చేశారు. పుస్తకాలను చెత్త సంచుల్లో కుక్కి పట్టుకుపోయారు. మహ్మూద్ మునాను, అదే కుటుంబానికి చెందిన అహ్మద్‌ను అరెస్టు చేశారు.

పుస్తకాలను ఏరిన పద్ధతి చూడండి. ఫోన్లో గూగుల్ అనువాదం పెట్టుకుని పేర్లు చదువుకున్నారని, అట్ట మీద పాలస్తీనా జెండా కనబడితే చాలు సంచిలో వేశారని కుటుంబం చెప్పింది. పోలీసులు మాత్రం పిల్లలు రంగులు వేసుకునే పుస్తకమొకటి చూపించి, రెచ్చగొట్టే సాహిత్యం అమ్ముతున్నారన్నారు. రెచ్చగొట్టారన్న నేరంపై దర్యాప్తు చేయాలంటే అక్కడి చట్టం ప్రకారం ప్రాసిక్యూషన్ అనుమతి ఉండాలి. అది తీసుకోకుండా ‘శాంతిభద్రతల భంగం’ కింద కేసు నడిపారు. ఈ అడ్డదారే మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోంది. పుస్తకంలో ఏముందో ఎవరూ నిరూపించనక్కర్లేకుండానే అమ్మినవాణ్ణి లోపల వేయవచ్చన్నమాట!

ఇద్దరూ రెండు రాత్రులు నిర్బంధంలో గడిపి, తర్వాత అయిదు రోజులు గృహనిర్బంధంలో ఉన్నారు. ఈలోగా ఇంట్లో మిగిలినవాళ్లు దుకాణం తెరిచారు. జనం వచ్చి పుస్తకాలు కొన్నారు. కుటుంబ వ్యాపారానికున్న బలం అదే. ఒకరిని పట్టుకుపోతే ఇంకొకరు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. మార్చిలో పోలీసులు మళ్లీ వచ్చి ఈసారి ఇమాద్ మునాను తీసుకెళ్లి, అదే రోజు వదిలిపెట్టారు.

ఇజ్రాయెలీ రచయితల పుస్తకాలూ దొరికే దుకాణమది. యుద్ధంలో ఎదుటి పక్షం ఏమనుకుంటోందో తెలుసుకోవాలనుకునేవారికి అలాంటి చోటు ఎంతో అవసరం. గాజాలో సమీర్ మన్సూర్ పుస్తకాల దుకాణాన్ని 2021 మేలో వైమానిక దాడి నేలమట్టం చేస్తే, లోకం చందాలు వేసుకుని మరుసటి ఏడాది మళ్లీ నిలబెట్టింది. జెరూసలేం అరెస్టుల విచారణకు పలు దేశాల దౌత్యవేత్తలు కోర్టుకు వెళ్లడం మంచిదే, కానీ హాజరు వేయించుకుంటే సరిపోదు. ప్రాసిక్యూషన్ అనుమతి లేకుండా పుస్తకాల కోసం ఏ దుకాణం గడపా తొక్కరాదని వారి ప్రభుత్వాలు ఇజ్రాయెల్‌ను గట్టిగా అడగాలి. పాలస్తీనాను 1988లోనే గుర్తించిన మన దేశం కూడా ఆ మాట పైకి అనాలి.