తీవ్ర అభ్యంతర లేఖ గారికి, ఎడమ కాలువ కొస నుంచి

విషయం: కృష్ణా నీళ్ళు – తమరి రాకపోకలు – మా మడి ఎండుట – గురించి.
సూచిక: 2014 జూన్ 2 తర్వాత తమరు పుట్టిన ప్రతిసారీ.

అయ్యా,

నేను ఇరిగేషన్ ఆఫీసు తపాలు సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు సాగర్ ఎడమ కాలువ కొసన, తిరువూరు వైపు మూడెకరాలు చేసుకుంటున్నాను. నీళ్ళ మీద ఆంధ్ర, తెలంగాణ ఒకరి మీద ఒకరు కృష్ణా నదీ యాజమాన్య బోర్డుకు రాసుకునే తమరి వంశమంతా నా చేతుల మీదుగానే పెరిగింది కాబట్టి చనువుగా రాస్తున్నాను.

తమరి ఒంట్లో బాగా బలిసింది అడుగున ఉండే నకళ్ళ జాబితా. సంగతి రెండు పేరాలే. నకళ్ళు మాత్రం జలశక్తి శాఖ దాకా పోతాయి. జాబితాలో పేరు లేని నకలు ఒకటి పేపరు విలేకరికి చేరుతుంది. బోర్డులో ఇన్‌వార్డు నంబరు పడకముందే తమరు మా టీ కొట్టు బల్ల మీద ఉంటారు. రాసినవాళ్ళదీ తెలుగే, ఎవరి మీద రాశారో వాళ్ళదీ తెలుగే. తమరు మాత్రం ఇంగ్లీషులో పుట్టి, పేపర్లో తెలుగులో మళ్ళీ పుడతారు. ఆ రెండో పుట్టుకలో విన్నపం కాస్తా హెచ్చరిక అయిపోతుంది.

ఆ తర్వాత బోర్డు తమరిని ‘మీ అభిప్రాయం తెలపండి’ అంటూ అవతలి రాష్ట్రానికి పంపుతుంది. అక్కడ తమరికో తమ్ముడు పుడతాడు. ‘ఏకపక్షంగా’ అనే మచ్చ లేకుండా మీ ఇంట ఏ బిడ్డా పుట్టగా నేను చూడలేదు.

2015 ఫిబ్రవరి గుర్తుందా? సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు తోసుకున్నారు. మర్నాడు రాజ్‌భవన్‌లో గవర్నర్ నరసింహన్ దగ్గర చంద్రబాబు, కేసీఆర్ ఎదురెదురుగా కూర్చున్నాక గొడవ చల్లబడింది. తమరిని పిలిచినట్టు లేదు. అదే ఏడాది జూన్‌లో ఢిల్లీలో ఒకే బల్ల దగ్గర 811 టీఎంసీలను ఆంధ్రకు 512, తెలంగాణకు 299గా పంచుకున్నారు. అదీ ఒక్క ఏడాదికే అనుకున్నారు. ఆ ఒక్క ఏడాది ఏళ్ళ తరబడి సాగింది, దాని మీద తమరి సంతానం బ్రహ్మాండంగా వృద్ధి అయింది. ముఖ్యమంత్రులు ముఖాముఖి కూర్చోవాల్సిన అపెక్స్ కౌన్సిల్ మాత్రం మొదటి పదేళ్ళలో రెండేసార్లు కలిసింది: 2016లో, 2020లో.

2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగ్ రోజున, తమరి తరహా నచ్చని ఆంధ్ర వైపువాళ్ళు సాగర్ 26 గేట్లలో 13 దగ్గర ముళ్ళకంచె వేశారు. ముళ్ళకంచె కూడా లేఖే లెండి, నకళ్ళు అక్కర్లేనిది. మర్నాడు కేంద్ర హోం కార్యదర్శి వీడియో కాన్ఫరెన్స్ పెడితే, నవంబరు 28 నాటి పరిస్థితికి వెనక్కి వెళ్ళడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. డ్యాం మీదకి సీఆర్పీఎఫ్ వచ్చింది.

తమరు బొత్తిగా దండగ అని నేననను. రేపు నీటి వాటాలు తేల్చే ట్రైబ్యునల్ ముందు ‘మేం అప్పుడే వద్దన్నాం’ అని చూపడానికి కాగితం ఉండాలి. ఆ కాగితం పోయిందని ఏ ఆఫీసరు కేకలేసినా అది మొదట పడేది మా సెక్షన్ నెత్తినే. కానీ ట్రైబ్యునల్ కోసం పుట్టిన కాగితాన్ని నీళ్ళు తెమ్మని పంపితే ఎలా?

మొన్న నారు ముదిరిపోతోందని కల్లూరు వైపున్న మా వియ్యంకుడికి ఫోన్ చేశాను. ‘‘బావగారూ, మీ పైన కాలువ నిండుగా ఉందా?’’

‘‘ఉంది బావగారూ. మావాళ్ళ నాట్లు రేపటితో అయిపోతాయి. ఎల్లుండి కిందికి వదులుతారు, కాలువ చూసుకునే మీ లస్కరుతో మా లస్కరుకి ఒక మాట చెప్పించండి.’’

మా లస్కరు గట్టు మీద నిలబడే చెప్పేశాడు. ఎల్లుండి అన్నది ఆవలెల్లుండి అయింది గానీ నీళ్ళు వచ్చాయి.

ఇట్లు,
తమరి పాత డెస్పాచ్ గుమాస్తా

నకలు: మా లస్కరుకు, సమాచార నిమిత్తం. (అతను చదవడు. ఫోన్ చేసి చెప్పాను.)