చోరకళలో పట్టభద్రులు

అరవై నాలుగు కళల్లో చోరకళ కూడా ఒకటని మన పెద్దలు చెప్పి ఊరుకున్నారు గానీ, దానికి ఆటస్థలం, మార్కుల పట్టిక సమకూర్చిన ఘనత మాత్రం పాతకాలపు అమెరికా కళాశాలలదే.

ప్రిన్స్‌టన్‌లో కొత్తగా చేరిన విద్యార్థులు 1860ల నుంచి నస్సా హాల్ అనే కళాశాల భవనం గోపురమెక్కి గంట నాలుకను ఎత్తుకుపోయేవారు. గంట మోగకపోతే తరగతులు మొదలుకావన్నది వారి తర్కం. తర్కశాస్త్రంలో అంతకు మించిన ప్రగతిని ఏ ఆచార్యుడు ఆశించగలడు? 1875లో రట్గర్స్ విద్యార్థులు ప్రిన్స్‌టన్‌కు వెళ్లి ఏకంగా ఫిరంగినే ఎత్తుకువచ్చారు. ప్రిన్స్‌టన్ వారు బదులుగా తుపాకులు పట్టుకుపోయారు. ఇచ్చిపుచ్చుకోవడం నాగరికతకు లక్షణం కదా.

ఇంతటి ప్రతిభ గోపురాలకే పరిమితమైతే వృథా అనుకున్నారేమో, బేస్‌బాల్‌ను ఆదరించారు. 1859లో ఆమ్హెర్స్ట్, విలియమ్స్ కళాశాలల మధ్య జరిగిన తొలి అంతర్కళాశాల పోటీలో ఆమ్హెర్స్ట్ 73-32తో నెగ్గింది. బంతి విసిరినవాడు విద్యార్థి కాడని, కూలికి తెచ్చిన కమ్మరి అని అప్పుడే పుకారు పుట్టింది. అంటే ఆటగాడినే అరువు తెచ్చుకున్నారన్న నింద ఆటతోపాటే పుట్టిందన్నమాట. మైదానంలో ఆటగాడు పరుగు తీస్తూ వరసగా చేరుకోవలసిన స్థానాలను బేస్‌లంటారు. ప్రత్యర్థుల కన్నుగప్పి తర్వాతి బేస్‌కు పరుగెత్తడాన్ని ఈ ఆటలో దొంగిలించడమనే అంటారు. 1886 నుంచి ఆ దొంగతనాలను ఆటగాడి ఖాతాలో అధికారికంగా జమ కడుతున్నారు. దొంగకు రసీదు ఇచ్చే ఆట మరొకటి నాకు తోచడం లేదు. హార్వర్డ్‌ను నలభై ఏళ్లు ఏలిన అధ్యక్షుడు ఎలియట్‌గారికి మాత్రం వంపు తిరిగే బంతి మోసంగా తోచి మనసు కష్టపడిందని చెప్పుకుంటారు. పాపం, ఆయన పాతకాలపు మనిషి.

ఈ విద్యలో శిఖరం కొలంబియా విశ్వవిద్యాలయం విద్యార్థి ఎడ్డీ కాలిన్స్. డబ్బు తీసుకుని ఆడినవాడు కళాశాల జట్టుకు అనర్హుడు గనుక, 1906లో ఆయన సలివాన్ అన్న పేరు తగిలించుకుని ఫిలడెల్ఫియా వృత్తి జట్టులో ఆడాడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని మనమంటాం. కాలిన్స్ దొరికిపోయాక కూడా దొరే అయ్యాడు, ఎందుకంటే ఆడే అర్హత పోయిన అతనికి కళాశాల శిక్షకుడి పదవి ఇచ్చింది. తర్వాత ఆయన వృత్తి జీవితంలో 740కి పైగా బేస్‌లు దొంగిలించాడు, 1912 సెప్టెంబరులో ఒకే ఆటలో ఆరేసి చొప్పున రెండుసార్లు.

అదే కాలంలో అమెరికా ఆదివాసుల పిల్లలకు పెట్టిన కార్లైల్ ఇండియన్ స్కూలు విద్యార్థి జిమ్ థార్ప్ మాత్రం క్షమించరాని తప్పు చేశాడు. 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో చిన్న జట్లకు కొద్దిపాటి డబ్బుకు ఆడుతూ, సొంత పేరే పెట్టుకున్నాడు. ఎవరి పేరూ దొంగిలించని అభ్యర్థి ఈ చదువులో ఉత్తీర్ణుడెలా అవుతాడు? డబ్బుకు ఆడినవాడు అప్పట్లో ఒలింపిక్స్‌కూ అనర్హుడే గనుక, 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో అతను గెలిచిన రెండు స్వర్ణ పతకాలను మరుసటి ఏడాదే లాగేసుకున్నారు. అతను పోయిన ముప్పై ఏళ్లకు, 1983లో, కుటుంబానికి నకళ్లు చేయించి ఇచ్చారు. ఏకైక విజేతగా అతని పేరు మళ్లీ రాయడానికి 2022 దాకా పట్టింది. అసలు పతకాలను ఇవ్వడం వీలు కాలేదు. ప్రదర్శనశాలల్లో భద్రంగా దాచిన వాటిని ఎప్పుడో దొంగలెత్తుకుపోయారు.