గ్రాఫిక్స్ డాట్ హెచ్ జోలికి రావద్దు

ఈ మధ్య మా కోనసీమ కుర్రాళ్లకి కొత్త రోగం పట్టుకుంది. కాలేజీ ల్యాబ్‌లో సి ప్రోగ్రాములు రాసుకునే టర్బో సి, బొమ్మలు గీయడానికి అందులోనే గ్రాఫిక్స్ డాట్ హెచ్ నిక్షేపంలా ఉండగా, ఇంటికెళ్లి అదే పనికి రేలిబ్ అనేదేదో డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. 2013లో పుట్టిన పిల్ల లైబ్రరీ (అంటే రెడీమేడ్ కోడు మూట), పైసా కట్టక్కర్లేదట, లోపలి కోడంతా ఎవరైనా చదువుకోవచ్చట. అన్నీ విప్పి చూపించేవాణ్ణి ఎలా నమ్ముతామండీ? మన టర్బో సి కంపెనీ బోర్లాండ్ వారి గ్రాఫిక్స్ 1980ల నాటిది, పాత డాస్ ప్రోగ్రాముల్ని కొత్త కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్ అనే ఆక్సిజన్ సిలిండరు మీద ఇప్పటికీ ఊపిరి తీసుకుంటోంది.

మనదాంట్లో రంగులు పదహారే అని కుర్రాళ్ల ఏడుపు. కొబ్బరి చెట్టుకి ఆకుపచ్చ ఉంది, గోదారికి నీలం ఉంది, వరదొస్తే వాడుకోమని ఆరో నంబరులో బ్రౌన్ కూడా పెట్టారు. ఇంకేం కావాలి?

మా మేనల్లుడు లాంచీ బొమ్మ గీసి ఎడమ నుంచి కుడికి నడిపాడు. ప్రతి అడుక్కీ తెర తుడవడం, మళ్లీ గీయడం, దాంతో లాంచీ ట్యూబ్‌లైటు స్టార్టర్ పోయినట్టు మిణుకు మిణుకుమంటోంది. తెర 640 బై 480 చుక్కలుంటే బొమ్మ పెట్టుకునే పేజీ ఒక్కటే మరి. వెనక ఇంకో పేజీలో గీసుకుని మార్చుకోవాలంటే తెర ఎత్తు 480 నుంచి 350 చుక్కలకి దిగాలి. దాళ్వాకి వంతులవారీ నీళ్లు పెట్టుకునే రైతుల బిడ్డలకి సర్దుకుపోవడం వేరే నేర్పాలా? రేలిబ్‌లో అయితే బొమ్మంతా చాటున గీసేసి, పూర్తయ్యాకే తెర మీదకి తెస్తారట. దీన్ని దాపరికం అనరా!

ఇక మొదలెట్టడం. మనదాంట్లో బిజిఐ అనే, బొమ్మల డ్రైవర్లుండే ఫోల్డరు దారి రాసేటప్పుడు వాలుగీతలు రెండేసి పెట్టాలి, ఒకటి తగ్గిందా, బొమ్మ రాదు, ఎర్రర్ వస్తుంది, ఆ గీత వెతుక్కుంటూ మూడు గంటల ల్యాబ్ సుఖంగా గడిచిపోతుంది. అక్కడ వెడల్పు, ఎత్తు, పేరు ఇస్తే చాలు, విండో తెరుచుకుంటుంది. ల్యాబ్ పావుగంటలో అయిపోతే మిగతా టైమంతా సారు మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకే బదులు కొత్త బ్యారేజీ కట్టేశారు గానీ, మా ల్యాబ్ సిలబస్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

మేనల్లుడు ఊరుకోక సారుని అడిగాడు.

"సార్, రేలిబ్‌లో చేస్తే మార్కులేస్తారాండీ?"

"రికార్డు ఎవర్ది చూసి రాశావు?"

"సీనియర్‌దండీ."

"అందులో ఏముంది?"

"గ్రాఫిక్స్ డాట్ హెచ్ అండీ."

"ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చేదీ అది రాసి పాసైనవాడేరా. కూర్చో."