ఒకటో మూటకు అంతులేదు

అనంతపురంలో మా బావకు శెనక్కాయల మండీ ఉంది. ఇంజినీరింగ్ చదివే కొడుకును ఇంట్లో పెట్టుకొని ఇంకా చేత్తో చీటీలు రాయడమేందని ఆయనకు పట్టుకుంది. మూట తూకంలోంచి గోతాం తరుగు ఒక కిలో తీసేసి చీటీ కొట్టే ప్రోగ్రాం చెయ్యమన్నాడు.

సీ భాషలో రాస్తే అది ఒక్క లైను. మా అల్లుడు ప్రోగ్రామంతా సీలో రాసి, ఆ తీసివేత ఒక్కటీ ప్రాసెసర్‌కు ఒక్కో ఆదేశం మనమే రాసిచ్చే అసెంబ్లీ భాషలో రాశాడు. ఎందుకురా అంటే "స్పీడు మామా" అన్నాడు. చీటీలు కొట్టాల్సిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరేమో ఒక్కో వరుసకూ కాన్పు పడుతున్నట్టు మూలుగుతుంది.

ఆ అసెంబ్లీ (నాస్మ్) ఫైల్లో ఫంక్షన్ పేరుకు 'గ్లోబల్' పెట్టలేదని, అంటే ఆ పేరు బయటికి కనబడేట్టు చెయ్యలేదని, రెండు ముక్కలనూ కలిపే లింకరు ఒక పూట సతాయించింది, అది సర్దుకుంది. ఇంట్లో చూస్తే లెక్కలన్నీ సరిగ్గా వచ్చాయి. మండీకి తెచ్చే ముందు వాడికి ఇంకాస్త స్పీడు మీద ఆశ పుట్టి, సీ ప్రోగ్రాంను ప్రాసెసర్ భాషలోకి మార్చే కంపైలరు జీసీసీకి, కోడ్‌ను ఇంకా వేగంగా చెయ్యమనే ఓ2 ఆప్షన్ తగిలించాడు.

ఒక పెద్దాయన 40 మూటలు కాటా వేయించి, వాటి మీదే కూర్చున్నాడు. ప్రింటరు మొదలైంది. ఒకటో మూట, 41 కిలోలు. ఒకటో మూట, 43 కిలోలు. ఒకటో మూట, 43 కిలోలు. ఒకటో మూట, 43 కిలోలు...

"ఏందిరా ఇది? రెండోది యాడికి పాయె?" అని బావ కేక. అల్లుడు కంట్రోల్ సీ కొట్టాడు. ప్రోగ్రాం ఆగింది గానీ ప్రింటరు ఆగలేదు, అప్పటికే దానికి చేరిన వరుసలు అది కొట్టుకుంటూనే పోయింది. చివరికి హమాలీ వచ్చి వైరు పీకాడు.

ఫైలు తెరిచి చూశాను. 64 బిట్ లైనక్స్‌లో ఫంక్షన్‌కు మొదటి సంఖ్య ఆర్‌డీఐ అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న అరలో), రెండోది ఆర్‌ఎస్‌ఐలో వస్తాయి, జవాబు ఆర్‌ఏఎక్స్‌లో ఇవ్వాలి. అంతవరకు వాడు బుద్ధిగానే రాశాడు. (విండోస్‌లోనైతే మొదటి సంఖ్య ఆర్‌సీఎక్స్‌లో వస్తుంది. అక్కడ ఒకటో మూటకు కూడా దిక్కుండేది కాదు.) తగాదా అంతా ఆర్‌బీఎక్స్ అనే ఇంకో రిజిస్టర్ దగ్గర. దాన్ని వాడుకునే ఫంక్షన్ అందులోని పాత విలువను ముందు పుష్ చేసి (పక్కన దాచి), పోయేటప్పుడు పాప్ చేసి (తిరిగి తీసి), ఎట్లున్నది అట్ల అప్పజెప్పాలి. వీడు గోతాం బరువు ఒకటిని అందులో పడేసి, చేతులు దులుపుకొని వచ్చేశాడు.

ఓ2 లేనప్పుడు కంపైలరు మూటల వరుస సంఖ్యను మెమరీలో పెట్టుకుంది కాబట్టి ఇంట్లో ఏమీ కాలేదు. ఓ2 ఇచ్చేసరికి దాన్ని తెచ్చి ఆర్‌బీఎక్స్‌లోనే పెట్టింది. తరుగు తీసిన ప్రతిసారీ వరుస సంఖ్య ఒకటైపోతుంది, ఒకటి కలిపితే రెండు, మళ్లీ రెండో మూట తూకం తీస్తే మళ్లీ ఒకటి. 40 ఎప్పటికి రావాలి?

అదే తీసివేతను సీలో రాసి, జీసీసీ ఏం చేస్తుందో చూపించాను. ఒక మూవ్ (కాపీ), ఒక సబ్ (తీసివేత), ఒక రెట్ (తిరిగి రావడం). మావాడిది దానికంటే ఒక లైను ఎక్కువే. వాడు స్క్రీన్ వంక, ప్రింటరు వంక చూసి "కంపైలర్‌కు కూడా అసెంబ్లీ వచ్చా మామా?" అన్నాడు.

పెద్దాయన ఈలోగా కింద పడిన కాగితమంతా మడతలు పెట్టి చంకన పెట్టుకున్నాడు. "ఇవన్నీ ఒకటో మూటలే గదప్పా," అన్నాడు బావతో. "వీటికి దుడ్డు ఇచ్చేయ్. రెండో మూట నుంచి రేపు లెక్క పెడుదువులే."