ఈడీ ఎవరి మీదికి వస్తుంది?

దరఖాస్తులో ‘ఐ యామ్ ఇంటరెస్టింగ్ ఇన్ దిస్ జాబ్’ అని రాసిన అభ్యర్థిని పక్కన పెట్టేయడం శుద్ధ అన్యాయం. తాను మహా ఆసక్తికరమైన మనిషినని అతను చెప్పుకుంటున్నాడు. ఆ మాత్రం ఆత్మవిశ్వాసం మిగతా బయోడేటా అంతా వెతికినా దొరకదు. పని లేక కూర్చుని ‘ఐ యామ్ వెరీ బోరింగ్’ అని మేనేజరుకు మెసేజ్ పెట్టే ఉద్యోగి నిజాయితీ ఇంకా గొప్పది. పక్క సీటువాళ్లు ఏళ్ల తరబడి మొహమాటపడి చెప్పలేనిదాన్ని తానే రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు.

ఒకరు ‘ఇంటరెస్టెడ్’ అని, ఇంకొకరు ‘బోర్డ్’ అని ఈడీ పెట్టాల్సిన చోట ఐఎన్‌జీ పెట్టారు. తప్పు వీళ్లది కాదు, వ్యాకరణం పెట్టిన పేర్లది. క్రియకు ఐఎన్‌జీ చేరిన రూపం ప్రెజెంట్ పార్టిసిపుల్, ఈడీ చేరినది పాస్ట్ పార్టిసిపుల్ అని వినగానే ఎవరైనా కాలం చూస్తారు. ఫలితాలు నిన్ననే వచ్చాయి కదా, ‘డిజప్పాయింటెడ్ రిజల్ట్స్’ అనేస్తారు. తెలుగులోనూ ‘నిరాశపరచిన ఫలితాలు’ అనే అంటామాయె! కానీ ఇంగ్లీషు లెక్క ప్రకారం నిరాశపడేది మనం, ఫలితాలకు ఏ బాధా లేదు. నిన్నటివైనా, వచ్చే ఏడాదివైనా అవి ‘డిజప్పాయింటింగ్’ ఫలితాలే.

విరుగుడు మన ఇంట్లోనే ఉంది. భయపెట్టేది ఫ్రైటెనింగ్, భయపడినది ఫ్రైటెన్డ్. ఆశ్చర్యపరిచేది సర్‌ప్రైజింగ్, ఆశ్చర్యపడినవాడు సర్‌ప్రైజ్డ్. పెట్టు, పరచు అయితే ఐఎన్‌జీ. పడు అయితే ఈడీ. ఇంకా అనుమానం ఉంటే ఆ క్రియతోనే మామూలు వాక్యం కట్టి చూడాలి: ‘ద లెక్చర్ బోర్డ్ ద స్టూడెంట్స్.’ క్రియకు ముందున్న లెక్చర్ బోరింగ్, తర్వాతున్న స్టూడెంట్స్ బోర్డ్. దెబ్బ కొట్టినవాణ్ని వదిలేసి తిన్నవాడి మీదికే ఈడీ రావడం ఈ దేశంలో ఎవరికీ వింతగా తోచకూడదు.

పక్కనున్న చిన్న మాట కూడా పట్టిస్తుంది. ‘ఇన్’ కనబడితే ఇంటరెస్టెడ్, ‘విత్’ కనబడితే శాటిస్‌ఫైడ్, ‘ఆఫ్’ కనబడితే టైర్డ్.

అయితే అన్నిచోట్లా ఈ సూత్రం చెల్లదు. కర్మ అక్కర్లేని క్రియల దగ్గర కొట్టేవాడూ తినేవాడూ ఒక్కడే. ‘ఎస్కేప్డ్ ప్రిజనర్’ను ఎవరూ తప్పించలేదు, తనంతట తానే పారిపోయాడు (జైలు సిబ్బంది వాంగ్మూలమూ ఇదే). ఇక్కడ కాలానికి విలువ ఉంది: ఫాలింగ్ లీవ్స్ గాల్లో ఉంటాయి, ఫాలెన్ లీవ్స్ నేల మీద ఉంటాయి. నీళ్ల విషయంలోనూ కాలం చూడకపోతే ప్రమాదమే. కామెర్ల రోగిని తాగమనాల్సింది బాయిల్డ్ వాటర్, అంటే కాచి చల్లార్చినవి. చీటీలో ‘బాయిలింగ్ వాటర్’ అని రాస్తే, అతను అక్షరాలా పాటించాడంటే, కామెర్ల కంటే ముందు నోటికి వైద్యం చేయించాలి.

అన్నిటికన్నా తీవ్రమైనది మన అర్జీల సంగతి. ‘ది ఆఫీసర్ కన్సర్న్డ్’ అని ‘ఆఫీసర్’ అనే మాటకు వెనక పెడితే సంబంధిత అధికారి. ‘ది కన్సర్న్డ్ ఆఫీసర్’ అని ముందు పెడితే, పద్ధతి ప్రకారం, జనం కష్టాలు తలుచుకుని ఆందోళన చెందుతున్న అధికారి. మనవాళ్లు తరతరాలుగా ఈ రెండో ఆయనకే అర్జీలు పెట్టుకుంటున్నారు. అలాంటి పోస్టు ఏ శాఖలోనూ మంజూరైన దాఖలాలు లేవు గనక, తీసుకునే నాథుడు లేక ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.