సొమ్ము అంటే నగ కూడా

ప్రపంచం ఎటు పోతోందో చర్చించడానికి పెద్దలు ఏటా దావోస్ మంచు కొండల్లో సమావేశమవుతారు. నన్నడిగితే అంత ప్రయాణం దండగ. తొలకరి రోజుల్లో మన పట్టణాల్లో ఏ బ్యాంకుకైనా వెళ్లి, బంగారం తాకట్టు పెట్టుకునే బల్ల పక్కన పావుగంట కూర్చుంటే చాలు. గీటురాయి మీద గాజులు రుద్ది చూసే మనిషి ఒకవైపు, కొంగులో ముడివేసిన చిన్న సంచీతో వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు మరోవైపు. రేపటి గురించి వాళ్లకున్న అంచనా ఆ సంచీలోనే ఉంటుంది.

ఉక్రెయిన్, పశ్చిమాసియా యుద్ధాల సంగతి మళ్లీ చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే భీమవరం చెరువు గట్ల మీద రొయ్యల రైతు తల పట్టుకున్నాడు. సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అనగానే, పిల్లల అమెరికా చదువుకు పొలం అమ్మిన ఇళ్లలో నిద్ర కరువైంది. ఎక్కడో ఒకాయన సంతకం పెడితే ఇక్కడ మన లెక్కలన్నీ తారుమారవుతున్నాయని సామాన్యుడికి అర్థమైంది. అతను దానికి సిద్ధాంతం కట్టలేదు. ఒక కాసు కొని పెట్టుకున్నాడు. తెలంగాణలో అయితే తులం లెక్క.

2005లో పది గ్రాముల మేలిమి బంగారం ఏడు వేల రూపాయల దగ్గర ఉండేది. 2025 ఏప్రిల్లో లక్ష దాటింది, అక్కడా ఆగలేదు. ధర ఇంత మండుతుంటే కొనుగోళ్లు పడిపోవాలి. నగల విషయంలో అదే జరిగింది, కొనే బరువు బాగా తగ్గింది. కానీ నాణేలు, బిస్కెట్లు కొనేవాళ్లు పెరిగారు. అందరూ దాటేస్తున్న విషయం ఇదే. నాణేన్ని మెడలో వేసుకుని పెళ్లికి వెళ్లరు. మజూరి, తరుగు లేకుండా ముద్ద బంగారం కొనేవాడు మోజుతో కొనడం లేదు, భయంతో కొంటున్నాడు. మన జనానికి బంగారం పిచ్చి అని వెక్కిరించేవాళ్లు ఈ తేడా గమనించాలి.

బంగారం పంట పండదు, అద్దె రాదు, వడ్డీ ఇవ్వదు అనే వాదన నాకు తెలియనిది కాదు. దిగుమతి కోసం దేశం డాలర్లు ధారపోయాలన్నదీ నిజమే. 2013లో ప్రపంచ విపణిలో ధర పావు వంతుకు పైగా కుప్పకూలినప్పుడు, అంతకుముందు గరిష్ఠ ధరకు కొన్నవాళ్లు ఏళ్ల తరబడి కోలుకోలేదు. అదే డబ్బు షేర్లలో పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్ల మాటలో లెక్క తప్పు లేదు. కానీ రాత్రి పదకొండింటికి ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమన్నప్పుడు షేర్లు అమ్మి చేతికి డబ్బు ఎప్పుడు వస్తుందో ఆ సలహాదారులు చెప్పరు.

మన ప్రభుత్వాలు ఈ అలవాటును మాన్పించాలని చూడని కాలం లేదు. 1963లో అప్పటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ 14 క్యారెట్లు దాటిన నగ చేయకూడదన్నారు. 1968 చట్టంతో ఇంట్లో కడ్డీ ఉంచుకోవడమే నేరమైంది, 1990 దాకా ఆ చట్టం బతికింది. 2013లో ఆర్థిక మంత్రి చిదంబరం బంగారం కొనవద్దని జనాన్ని బతిమాలారు. జనం విన్నారా?

వినకపోవడమే మంచిదైందని ఇప్పుడు కేంద్ర బ్యాంకులే ఒప్పుకుంటున్నాయి, నోటితో కాదు, చేతలతో. 2022లో రష్యా విదేశాల్లో దాచుకున్న నిల్వల్లో సుమారు 30 వేల కోట్ల డాలర్లను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. ఇంకొకరి ఇంట్లో దాచిన సొమ్ము మన సొమ్ము కాదని ప్రపంచానికి ఆ రోజున తెలిసింది. ఆ ఏడాది మొదలుకొని వరుసగా మూడేళ్లు కేంద్ర బ్యాంకులన్నీ కలిసి ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. మన రిజర్వ్ బ్యాంకు 2024లో బ్రిటన్లో ఉన్న సొంత బంగారంలో వంద టన్నులను విమానాల్లో తెచ్చి మన ఖజానాల్లో పెట్టుకుంది. 1991లో గడవక 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో కుదువ పెట్టిన సంస్థే ఇది. ఈ ఆర్థిక శాస్త్రం మా అమ్మమ్మకు ఎప్పుడో తెలుసు. కష్టానికి పనికొచ్చేది కొను, బీరువా తాళం నీ దగ్గరే ఉంచుకో. ఆమెను చాదస్తురాలన్న చదువుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

మా అమ్మమ్మ అన్నాను, తాతయ్య అనలేదు. తాతయ్యకు పొలం ఉంది, ఊళ్లో మాట చెల్లుబాటు ఉంది, ఆయన రేపటికి భయపడవలసిన అవసరం తక్కువ. తెలుగులో సొమ్ము అంటే డబ్బు, సొమ్ము అంటే నగ కూడా. ఆడవాళ్లకు ఆ రెండూ నిజంగానే ఒకటి, ఎందుకంటే వాళ్ల చేతికి మూడోది రానివ్వలేదు. ఆస్తిలో కూతురికి సమాన వాటా అని ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం చేసింది, అది 1985 సెప్టెంబరు నుంచి వర్తించింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. మనం ముందున్నామని గర్వంగా చెప్పుకుంటాం. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను ఆ చట్టం వదిలేసిందని మాత్రం చెప్పుకోం. ఈనాటికీ పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదమ్మా అంటూ అన్నదమ్ములు వాటా వదులుకునే కాగితం ముందు పెడితే, పుట్టింటి బంధం తెగిపోతుందన్న భయంతో సంతకం చేసే అక్కచెల్లెళ్లు ఎందరో. భూమి పోయాక మిగిలింది ఒంటి మీదున్నదే. ప్రపంచ భవిష్యత్తు ఈ మధ్యనే అనిశ్చితంగా మారిందని రాసేవాళ్లంతా మగవాళ్లేమోనని నాకు అనుమానం.

మళ్లీ ఆ బ్యాంకు బల్ల దగ్గరికి వెళదాం. బంగారం మీద వ్యవసాయ రుణం తీసుకుంటే వడ్డీ తక్కువ, కాని దానికి భూమి కాగితాలు చూపాలి. గుమాస్తా పట్టాదారు పాసుపుస్తకం అడుగుతాడు. భర్త జేబులోంచి తీసి ఇస్తాడు, పేరు ఆయనది. ఆమె సంచీ ముడి విప్పి గాజులు తక్కెడలో పెడుతుంది. విత్తనాలకు, ఎరువులకు డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది.