అనంతపురానికి నీటిమట్టం రోజుల్లో చెప్పాలి

ఆగస్టులో తుంగభద్ర గేట్లెత్తితే జలాశయం నీటిమట్టం గంటగంటకూ మన ఫోన్లకు చేరుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడైతే, ఎంత నీరు పోతోంది, ఎంత మిగులుతుందనే లెక్క కోసం ఆయకట్టు ఊళ్లన్నీ ఆందోళనతో ఎదురుచూశాయి. మార్చి వచ్చేసరికి ఆ ఊసే ఉండదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం ప్రాంతానికి ఆ లెక్క ఎక్కువ అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే.

చెప్పే లెక్కయినా అడుగుల్లోనే ఉంటోంది. తుంగభద్ర పూర్తి నీటిమట్టం 1633 అడుగులు. 1953లో తొలిసారి నీరు నిలిపిన నాటి సామర్థ్యం దాదాపు 133 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) కాగా, ఇప్పటి సర్వే లెక్కన అదే 1633 అడుగుల దగ్గర నిలిచేది 105.788 టీఎంసీలే. పైన అడుగుల లెక్క మారలేదు, అడుగున పూడిక పేరుకుంది. అంతకుముందు సర్వే ఈ సామర్థ్యాన్ని 100.855 టీఎంసీలని తేల్చింది. అంటే ఒక సర్వేకూ మరో సర్వేకూ మధ్య ఐదు టీఎంసీలు కాగితం మీదే అటూ ఇటూ అయ్యాయి. తుంగభద్ర ఎగువ కాలువ ద్వారా మనకు రావలసిన 32.5 టీఎంసీల వాటా ఏటా లభ్యతను బట్టి దామాషాలో తగ్గుతూ వస్తున్నప్పుడు, ఇది చివరి భూముల రైతుకూ, పట్టణంలో కుళాయి ముందు బిందె పెట్టుకున్న ఇల్లాలికీ తగిలే తేడా.

కొలత ఎంత సున్నితమైనదో చూడండి. నిండినప్పుడు తుంగభద్ర నీరు సుమారు 350 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. అక్కడ అడుగులో పదో వంతు తప్పు చదివితే 0.4 టీఎంసీకి దగ్గరగా తేడా వస్తుంది. తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున, దారి నష్టాలు పక్కన పెడితే, అది అయిదు లక్షల మందికి ఏడాదిపాటు సరిపోయే తాగునీరు. ఇక కాలువ నీటిని వేసవికి నిల్వ చేసుకునే ఊరి సమ్మర్ స్టోరేజీ ట్యాంకు దగ్గర రంగు వెలిసిన గేజీ పలకపై పాచిని తువ్వాలుతో తుడిచి, గాలికి ఊగే అలల మధ్య అంకె పోల్చుకుని లస్కరు (నీటిని కనిపెట్టుకుని ఉండే కింది స్థాయి ఉద్యోగి) రిజిస్టరులో రాసేదే మనకున్న ఆధారం. అతని శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పలకకు ఏటా రంగు వేయించి, పక్కన ఒక ఆటోమేటిక్ సెన్సర్ పెట్టించడం పెద్ద ఖర్చేమీ కాదనే అంటున్నాను.

కాలువకు నీరు ఆపేశాక నెలల తరబడి ఊళ్లు ఈ ట్యాంకుల మీదే బతుకుతాయి. కాబట్టి ప్రకటించవలసింది ఉన్న నీరు ఎన్ని రోజులకు వస్తుందన్నది. ఆ లెక్కలో తోడడానికి అందని అట్టడుగు నీటిని, ఎండకు ఆవిరయ్యే నీటిని ముందే తీసేయాలి. తుంగభద్రకు, కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఆవిరి నష్టం కిందే 18 టీఎంసీలు చూపింది. అది ఎగువ కాలువ వాటాలో సగానికి మించిన నీరు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ప్రతి సోమవారం పంచాయతీ కార్యాలయం గోడ మీద ఆ ఒక్క అంకె రాస్తే, నలభై రోజుల నీరే ఉందని తెలిసిన ఊరు ట్యాంకరు కోసం మే నెలాఖరులో కాక ఏప్రిల్‌లోనే అర్జీ పెట్టుకోగలుగుతుంది.